నల్లదారం కట్టిన క్లారినెట్టు

చచ్చిపోయిన ప్రతివాడూ మహానుభావుడే అనడం మన మూఢాచారాల్లో ఒకటి. బతికినన్నాళ్లూ పలకరించనివాడు కూడా పాడె లేచేసరికి కన్నీళ్ల వ్యాసం రాస్తాడు. దయ్యానికి జడిసి గడపకు నిమ్మకాయ కట్టడానికీ దీనికీ నాకు తేడా కనిపించదు. కాబట్టి నేను రాయబోయే మనిషిని పొగడడం నా ఉద్దేశం కాదు. ఆయన నాకు స్నేహితుడు కాడు. గురువని చెప్పుకునే హక్కు నాకు లేదు. పదేళ్లకు పైగా నేను ఆయనను చూసి కుళ్లుకున్నాను. ఆయన పోయాడని తెలిసిన క్షణాన కూడా నాలో మొదట కదిలింది దుఃఖం కాదు. ఆయన విద్య నాకు కాక ఇంకెవరికో దక్కిందన్న కడుపుమంట.

పోయిన నెల ఒక పొద్దున మహబూబ్‌నగర్‌లో మా వీధి వెంట పెళ్లి ఊరేగింపు పోతోంది. బ్యాండు మేళంలో ముందు నడుస్తున్న క్లారినెట్టు ఉన్నట్టుండి కీచుమంది. వాయించే నడివయసు మనిషి పక్కకు తప్పుకొని మా అరుగు మీద కూర్చున్నాడు. నోట్లో పెట్టుకునే మూతిని ఊడదీసి, దాని మీద బిగించి ఉండే సన్నని బద్దను, రీడు అంటారు, మార్చి ఊదాడు. మళ్లీ కీచుమంది. మామూలు వాద్యగాడైతే ఆ కొత్త రీడును అలాగే ఉంచి ఇంకో మరమ్మతు మొదలుపెడతాడు. ఇతడు కొత్తదాన్ని తీసేసి పాతదాన్నే తిరిగి బిగించాడు. ఆ తర్వాతే మీటల వైపు చూశాడు. నేను బయటికి వచ్చి, పాత రీడు మళ్లీ పెట్టడం ఎవరు నేర్పారని అడిగాను.

"మా ఉస్తాదు సారూ, నల్లగొండల. పోయిన వానకాలంల కాలం జేసిండు" అన్నాడు తల ఎత్తకుండానే.

అతనికి తొందర. ఊరేగింపు మలుపు తిరుగుతోంది. వదులైన మీట ఒకటి దొరికింది, దాని మర బిగించుకొని పరుగెత్తాడు. నేను అరుగు మీద నిలబడి ఆ పాట దూరమయ్యేదాకా విన్నాను. మళ్లీ కీచు వినబడితే బాగుండునని ఒక మనసుకు అనిపించింది. వినబడలేదు.

ఊరంతా ఆయనను ఉస్తాదు అనే పిలిచేది. ఇక్కడ కూడా ఆ పేరే చాలు. పొట్టి మనిషి, మెడ లావు. కుడిచేతి చిటికెనవేలు వంకర. ఆ వంకర వేలితోనే మీటలను అందరికంటే సులువుగా నొక్కేవాడు. నల్లగొండలో ఊరి చివర వాడలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గోడకు ఆనుకొని కూర్చునేవాడు. పక్కన పాన్‌డబ్బా. అందులో పాన్ ఉండదు; కుట్టుసూదులు, లక్క, మేకతోలు ముక్కలు, పతంగి కాగితం, గడ్డం బ్లేడు, చెలామణి పోయిన నిజాం కాలపు బిళ్ల ఒకటి ఉండేవి. మీట కింది స్ప్రింగు విరిగితే సూదిని తుంచి స్ప్రింగు చేసేవాడు. రీడు కొస మెత్తబడితే ఆ బిళ్ల అంచు కింద కొసను పెట్టి, బయటికి కనిపించిన వెంట్రుకవాసిని అగ్గిపుల్లతో కాల్చేవాడు. బిళ్ల గుండ్రం ఎంతో రీడు గుండ్రం అంతే వచ్చేది. ఎప్పుడూ ఒక రీడు బుగ్గన పెట్టుకొని నానబెట్టేవాడు. అందువల్ల ఆయన మాట సగం నమిలినట్టు ఉండేది. నిజంగా చెప్పవలసింది ఉంటేనే రీడు బయటికి తీసేవాడు. అది తెలిసినవాళ్లు, ఆయన చెయ్యి నోటి దగ్గరికి పోతే మాట్లాడడం ఆపేవాళ్లు. నా ఉపన్యాసాలకు అంత నిశ్శబ్దం ఎన్నడూ దొరకలేదు.

పోలీసు చర్య తర్వాత నిజాం ఫౌజు బ్యాండ్లు చెదిరిపోయి, వాటి క్లారినెట్లు మా జిల్లాల పెళ్లి మేళాల చేతికి వచ్చాయి. ఎక్కడో చలిదేశంలో చేసిన కర్ర. మా ఎండలకు అది ఎండి నెర్రెలు విచ్చేది. మీటల కింద గాలి పోకుండా మూసే తోలుబిళ్లలు గట్టిపడేవి. దేవరకొండ నుంచి, మేళ్లచెరువు నుంచి, అంత దూరాన ఉన్న కొల్లాపూర్ నుంచి కూడా మేళగాళ్లు క్లారినెట్టును గొంగట్లో చుట్టుకొని ఆయన గడపకు వచ్చేవాళ్లు. అందరిదీ ఒకే మాట: దిష్టి తగిలింది. ఆయన ఆ మాటను కాదనేవాడు కాదు, ఔననేవాడు కాదు. ఏ సుర మీద, స్వరాన్ని సుర అనేవాడు, కీచుమంటున్నది, ఎండలో పెట్టినావా, ఏం తిని ఊదినావు అని మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఒకసారి నా ఎదుటనే ఒక మేళగాడి క్లారినెట్టు మీటను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు.

"బూంది తిన్నవు" అన్నాడు.

ఆ మేళగాడు బిత్తరపోయాడు.

"పెండ్లింట్ల బూంది తిని నోరు పుక్కిలియ్యకుంట ఊదినవ్. పాకం తోలుకు అంటుకున్నది. మీట లేస్తలేదు. దిష్టి కాదు బిడ్డా, నీ నాలిక."

ఆయన పద్ధతి ఒకటే. లోపం ఎక్కడో తెలియనప్పుడు ఒకసారి ఒక్కటే మార్చాలి. రీడు మార్చి ఊదు. కీచు పోకపోతే పాత రీడు తిరిగి పెట్టు. అప్పుడు మూతి మార్చు. అదీ కాకపోతే పాత మూతి పెట్టు. "రెండు ఒక్కపారి మార్చినవంటే దొంగ దొరకడు సారూ, ఇద్దరు మంచోళ్లే అయితరు" అని నాకు చెప్పాడు. శాస్త్రీయ దృక్పథం గురించి నేను అప్పటికి అరవై పేజీల చిన్న పుస్తకం రాసి ఉన్నాను. అందులో లేనిది ఈ ఒక్క మాటలో ఉంది. ఆ రాత ఎంత కష్టపడి రాశానో తలచుకొని ఆయనను ద్వేషించాను.

మా యువజన సంఘం ఊళ్లు తిరిగి దిష్టికీ, బాణామతి అనే చేతబడికీ, అంటరానితనానికీ వ్యతిరేకంగా సభలు పెట్టేది. నడుమ నడుమ పాటలు. నల్లగొండలో బడిపంతులు ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాదులో కొత్త క్లారినెట్టు కొనుక్కొని నేర్చుకున్నాను గనుక, పాటల జట్టుకు నేనే ముందు వాద్యగాణ్ణి. నా వాద్యానికి ఒకటే జబ్బు. కింది స్థాయిలో నున్నగా పోయి, పై స్థాయికి ఎక్కేటప్పుడు కీచుమనేది. ప్రతిసారీ కాదు, సరిగ్గా జనం ముందు, పక్కన ఇంకో వాద్యగాడు ఉన్నప్పుడు. కార్యదర్శి ఒకరోజు ఉస్తాదును తీసుకొచ్చాడు. ఆయన మొదటి పాట ఎత్తుకున్నాడు. పై స్థాయికి ఆయన ఎక్కినట్టే లేదు. ఆ సుర ఉన్నచోటనే ఉండి, ఆయన అటు చూశాడు, అంతే. ఆ సాయంత్రం నుంచి నేను రెండో వాద్యగాణ్ణి.

ఆయన సంఘానికి ఇంకో విధంగా కూడా పనికొచ్చాడు. తాతల కాలం నుంచి గుంట భూమి లేని, అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన కుటుంబం. సహపంక్తి భోజనాలలో నేను పట్టుబట్టి ఆయనను నా పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి. ఆయన మా ఇంట్లో తింటే నాకు పేరు, నేను ఆయన ఇంట్లో తింటే నాకు పేరు. ఆయనకు మాత్రం రెండుచోట్లా అది అన్నమే. నేను ఆయనను పట్టుబట్టి మీరు అనేవాణ్ణి. ఆయన నన్ను సారూ అని, నువ్వు అనేవాడు. ఆ నువ్వులో అగౌరవం లేదు, ప్రత్యేకమైన గౌరవమూ లేదు. నా సంస్కారం వృథా అయినట్టు ఉండేది.

ఆయనను నాస్తికుణ్ణి చేద్దామని కూడా ప్రయత్నించాను. క్రిస్మసుకు చర్చిలో వాయిస్తాడు, యాదగిరిగుట్ట మెట్ల దగ్గర జాతరలో వాయిస్తాడు, మా సభలోనూ వాయిస్తాడు. ఇదేం నిలకడ అని గట్టిగా నిలదీశాను. ఊదేది తానని, మొక్కేది వాళ్లని జవాబిచ్చాడు. దేవుడు ఉన్నాడో లేడో చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించి తనకు తెల్వదన్నాడు. గాలి ఏ సందు నుంచి పోతున్నదో అడిగితే చెప్తానన్నాడు. తెలియదు అనే మాట నేను ఏ వేదిక మీదా అనలేదు. అది వాదంలో ఓడినవాడి మాట అని నాకు శిక్షణ. ఆయన నోట అది పని మొదలుపెట్టేవాడి మాటలా వినిపించేది.

అసలు మంట పుట్టింది దేవరకొండ వైపు ఒక ఊళ్లో. మా సభ రోజునే అక్కడ పెళ్లి. మేళం వాళ్ల క్లారినెట్టు పొద్దున్నుంచి పలకడం లేదు. అంతకుముందు రెండు రోజులు ఆ వాద్యం పెళ్లికొడుకు మేనత్త ఇంట్లో ఉంది. ముసలామె, మొగుడు పోయి ఒంటరిగా ఉంటుంది. ఆమెనే బాణామతి చేసిందని ఊరు గుసగుసలాడుతోంది. మంత్రం నోట పలకకుండా పళ్లూడగొడతామని కూడా కొందరు అంటున్నారు. నాకు ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది? గంటసేపు మాట్లాడాను. బాణామతి చరిత్ర చెప్పాను, మనోభ్రాంతి అంటే ఏమిటో చెప్పాను, పాశ్చాత్య దేశాల్లో మంత్రగత్తెల పేరిట జరిగిన ఘోరాలు చెప్పాను. జనం మర్యాదగా విన్నారు. విని, ముసలామె వైపు ముందు ఎట్లా చూశారో అట్లాగే చూశారు.

ఉస్తాదు వెనక కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఆ మూగ క్లారినెట్టును తెమ్మన్నాడు. కింది కొసను మోకాలికి ఆనించి మూశాడు. వేళ్లతో రంధ్రాలన్నీ మూశాడు. బీడీ ఒక దమ్ము పీల్చి, పొగను పైనుంచి లోపలికి ఊదాడు. అందరికంటే ఎక్కువగా అరిచిన మనిషిని దగ్గరికి పిలిచి, పొగ ఎక్కడ వస్తుందో నువ్వే చూడు అన్నాడు. పైన ఒక మీట కింద నుంచి సన్నగా పొగ లేచింది. చుట్టూ తలలు మూగాయి. ఆ మీట ఊడదీస్తే, కింది తోలుబిళ్ల సగం కొరికి ఉంది. వాద్యం చుట్టిన గుడ్డ దులిపితే బొద్దింక పడింది. దాన్ని రెక్క పట్టుకొని ఎత్తి ఆ మనిషి అరచేతిలో పెట్టాడు. రీడు బుగ్గలోంచి తీశాడు.

"గిదే బాణామతి. ఆరు కాళ్లున్నయ్. దీని పండ్లు ఊడగొట్టు, పో."

మొదట నవ్వింది ఆ ముసలామె. తర్వాత ఊరంతా నవ్వింది. ఆయన మేకతోలు ముక్క కత్తిరించి లక్కతో అంటించి, వాద్యం పలికించి మేళం వాళ్ల చేతికిచ్చాడు. ఒక మనిషి ప్రాణమో మానమో ఆ రోజు నిలబడింది. సంతోషించవలసినవాణ్ణి. నా గంట ఉపన్యాసం ఆయన ఒక బీడీ ముందు ఆరిపోయిందన్నదే నన్ను కాల్చింది. తిరుగు ప్రయాణంలో బండిలో అందరూ ఆయన మాటనే మళ్లీ మళ్లీ అని నవ్వుతుంటే, బీడీ ఆరోగ్యానికి హాని అని నేను ఉపదేశం చేశాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మరుసటి ఎండాకాలం. నల్లగొండకు రెండు ఆమడల దూరంలో ఒక పెద్ద ఊళ్లో సాయంత్రం సభ. అది మామూలు సభ కాదు, వాదం. ఆ ఊరి పురోహితుడు మా సవాలు ఒప్పుకొని ఎదురుగా కూర్చున్నాడు. తాయెత్తుల మీద, చేతులకు కట్టే దారాల మీద నేను చెలరేగి మాట్లాడాను. పురోహితుడు లేచి తాపీగా వేలు చూపించాడు. అందరం అటు చూశాము. ఉస్తాదు క్లారినెట్టు పైభాగాన, నాలుగు వేళ్ల వెడల్పున, నల్లదారం చుట్టి ఉంది.

"మా చేతుల దారాలు తెంపుమంటున్నరు. మంచిది. ముందుగాల మీ బాజాకు కట్టిన దిష్టిదారం తెంపి మాట్లాడుండ్రి."

జనం ఈల వేశారు. నేను చెప్పవలసిన జవాబు ఒక్క వాక్యం. ఎండకు కర్ర నెర్రె విచ్చింది, దారం దానికి పట్టీ. ఉస్తాదు నెర్రెలో కర్రపొడి, లక్క కలిపి నింపి, అది ఇంకా విచ్చకుండా మైనం పట్టించిన దారంతో బిగించి కట్టుకున్నాడు. ఆయనకు ఉన్నది ఆ ఒక్క వాద్యం. ముందు వరసగా పెళ్లి ముహూర్తాలు ఉన్నాయి. ఆ ఏడు ఆయన బతుకంతా ఆ దారం పట్టు మీద నిలిచి ఉంది.

నేను ఆయన దగ్గరికి పోయి క్లారినెట్టు చేతిలోకి తీసుకున్నాను. దారానికి పైన ఒక సన్నని గీత, కింద అదే గీత కొనసాగడం నాకు కనిపించింది. ఆయన రీడు నోట్లోంచి తీశాడు.

"అది పట్టీ సారూ. కొయ్యకు."

మెల్లగా అన్నాడు, నన్ను సభలో చిన్నబుచ్చకుండా. ఈలల్లో ఇంకెవరికీ వినబడలేదు. నాకు వినబడింది. జేబులోంచి బ్లేడు తీసి దారం కోశాను. మా సంఘం వాళ్లు చప్పట్లు కొట్టారు. దారం ఇక లేదు, ఇప్పుడు వాయిస్తారు చూడండి అని ప్రకటించి, వాద్యాన్ని తిరిగి ఆయన చేతుల్లో పెట్టాను.

ఆయన ఒకసారి నా మొఖం చూశాడు. ఊదాడు. గాలి నెర్రెలోంచి బుస్సుమని పోయింది. సుర రాలేదు. ఇంకోసారి ఊదాడు. లోపలి తడి వెచ్చదనానికి కాబోలు, కర్ర టప్పుమన్న చప్పుడు దగ్గర ఉన్న నాకు వినిపించింది. పురోహితుడు చేతులు రెండూ పైకెత్తాడు. దారం తెగింది, గొంతు పోయింది, ఇంకా ఏం రుజువు కావాలె అని జనాన్ని అడిగాడు. సభ ఘొల్లుమంది. అప్పుడైనా నేను నిజం చెప్పవచ్చు. అది పట్టీ, తెలిసి కోశాను అని చెప్పాలి. చెప్పలేదు. సభను నిలబెట్టాలన్న సాకుతో నా క్లారినెట్టు తీసి పాట ఎత్తుకున్నాను. రెండేళ్ల తర్వాత మళ్లీ ముందు వాద్యగాణ్ణి. పై స్థాయికి ఎక్కే చోట కీచుమంది. అది కూడా ఆ దారం మహిమే అన్నారు. తల ఎత్తి చూసేసరికి ఉస్తాదు వాద్యాన్ని కండువాలో చుట్టుకొని వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలమంతా ఆయన పెళ్లి మేళాల్లో తాళాలు కొట్టాడు. ఒక ఊరేగింపులో చూశాను. ముందు వరసలో ఆయన జాగాలో ఇంకెవరో క్లారినెట్టు వాయిస్తున్నారు, ఈయన చివర నడుస్తూ రెండు ఇత్తడి బిళ్లలు కొడుతున్నాడు. జాలి పడ్డానని రాస్తే అబద్ధం. తాళాలు కూడా అంత శ్రద్ధగా ఎందుకు కొట్టాలి అని నాకు చికాకు కలిగింది.

నల్లగొండ చుట్టుపక్కల ఆ ఏడాది ఒక కొత్త ఆచారం పుట్టింది. నెర్రె ఉన్నా లేకపోయినా ప్రతి క్లారినెట్టుకూ నల్లదారం కట్టడం మొదలుపెట్టారు. దారం తెగితే గొంతు పోతుందని చూసినవాళ్లే సాక్ష్యం. మూఢనమ్మకాలు ఎట్లా పుడతాయో పుస్తకాల్లో వెతికిన నేను, ఒకదాన్ని నా చేతులతో, నా బ్లేడుతో పుట్టించాను. పుట్టిన తేదీ, వేళ కూడా చెప్పగలను. అయినా స్నేహితుల దగ్గర ఈ కథ నవ్వుతూ చెప్పుకునేవాణ్ణి. ఉద్రేకంలో పొరపడ్డానని, పట్టీని దిష్టిదారం అనుకున్నానని. పొరపాటు ఒప్పుకునే హేతువాది అని నాకు దానివల్ల కూడా పేరే వచ్చింది.

కార్యదర్శి చేత రెండుసార్లు కబురు పంపాను. ఆ సారును నా గల్లీకి రానియ్యకు అని ఆయన జవాబు. బజారులో ఎదురైతే అవతలి పక్కకు దాటిపోయేవాడు. ఆయనకు కోపం ఉండేది, పంతం ఉండేది. ఆ కోపం నాకు కొంత ఊరట కూడా ఇచ్చింది. క్షమించి ఉంటే అందులోనూ నాకంటే పెద్దవాడయ్యేవాడు.

నాలుగేళ్ల తర్వాత నేనే పోయాను. క్షమాపణ కోసం పోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నా కీచు కోసం పోయాను. హైదరాబాదులో ఇద్దరికి చూపించాను. ఒకరు రీడు అన్నారు, ఒకరు తోలుబిళ్లలు అన్నారు, అన్నీ ఒక్కసారే మార్చారు, కీచు పోలేదు. మిట్టమధ్యాహ్నం. ఆయన ముందు గదిలో అదే గోడకు ఆనుకొని ఎవరిదో క్లారినెట్టుకు కట్టిన నల్లదారాన్ని కోస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు.

"నువ్వు కోసింది ఒక్కటి సారూ. నేను దినాం కోస్తనే ఉన్న" అన్నాడు.

నేను కూర్చున్నాను. నా వాద్యం ముందు పెట్టాను. ఆయన దాని వైపు చూడకుండా ఉండడానికి కొంచెంసేపు ప్రయత్నించాడు. మనిషి మీద కోపం ఉంటే ఉంటుంది, పాడైన వాద్యం ఎదురుగా ఉంటే ఆయన చేతులు ఊరుకోవు. ఊదమన్నాడు. ఊదాను. పై స్థాయి దగ్గర కీచుమంది. తన రీడు ఇచ్చాడు. కీచుమంది. నా రీడు తిరిగి పెట్టించి, తన మూతి ఇచ్చాడు. కీచుమంది. నా మూతి పెట్టించి, రంధ్రాలు మూసి లోపలికి పొగ ఊది చూశాడు. ఎక్కడా రాలేదు. చివరికి గోడకు వేలాడుతున్న తన క్లారినెట్టు తీసి నా చేతికిచ్చాడు. నెర్రె మీద ఇప్పుడు రేకు పట్టీ ఉంది. ఆ చోటును నేను వేలితో తాకకుండా పట్టుకున్నాను. అది కూడా నా నోట కీచుమంది.

అప్పుడు బుగ్గలోంచి రీడు తీశాడు.

"ఆ దినం నేనన్నది నీకు ఇనవడ్డదా?"

అది పట్టీ అని తెలియక కోశానని నాలుగేళ్లుగా అందరికీ చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్న ఇంకెవరు వేసినా వాదించేవాణ్ణి. పొగ ఎక్కడ లేస్తుందో అని చూసే కళ్లతో ఆయన నన్ను చూస్తున్నాడు.

"ఇనవడ్డది" అన్నాను.

తల ఊపాడు. కోపం చేయలేదు. ఓదార్చనూ లేదు. వదులు మీట దొరికినప్పుడు ఎట్లా తల ఊపుతాడో అట్లాగే. రీడు మళ్లీ బుగ్గన పెట్టుకొని, ఇంట్లో ఒక్కడివే ఊదుకునేటప్పుడు కీచుమంటుందా అని అడిగాడు. అంటుందని అబద్ధం చెప్పాను. అయితే చూద్దాం అని లేచి బయటికి పోయి తలుపు దగ్గరికి వేశాడు. ఊదాను. కీచు లేదు. తలుపు తీసుకొని లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఊదాను. కీచుమంది. మళ్లీ బయటికి పోయాడు. మళ్లీ లేదు.

"రీడు కాదు, మూతి కాదు, బాజా కాదు" అన్నాడు తలుపు అవతలి నుంచి. "పక్కపొంటి ఎవడన్న వాయించేటోడుంటే నీ పండ్లు రీడును కొరుకుతున్నయ్. నేను గీడనే కూసుంట. నువ్వు వాయించు."

వాయించాను. ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. పదేళ్లలో మొదటిసారి ఆ సుర నాది అనిపించింది. బయట ఎండ మండుతోంది. వీధిలో పోతున్న ఒకామె ఆగింది.

"ఏందే మామా, సొంత ఇల్లు పెట్టుకొని ఎండల కూసున్నవ్?"

"లోపల రిపేరు నడుస్తాంది" అన్నాడాయన.

ఆ మాట విని నాకు మొదట తోచింది సిగ్గు కాదు. ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో ఇటువంటి మాట నేనొక్కటీ అనలేకపోయానే అని. తోచిన మరుక్షణం క్లారినెట్టు కీచుమంది. బయట ఆయన లేచి, తలుపుకు ఇంకొంచెం దూరంగా పోయి కూర్చున్న చప్పుడు వినిపించింది.